రెండు మీటర్ల గొట్టం

మార్చి 3, సోమవారం

కొత్త మిషన్ వచ్చింది. ఈ నోటుబుక్కు దాని పెట్టెలోనే దొరికింది. రోజువారీ రీడింగులు రాసుకోమని పెట్టినట్టున్నారు. వాటికి మా ల్యాబ్‌లో వేరే రిజిస్టరు ఉంది కాబట్టి దీన్ని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. ఇరవై రెండేళ్లు జల్లెడలతో పొడులు జల్లించిన మనిషిని. రేపటి నుంచి పొడిలో ఒక్కో రేణువు ఎంతుందో లేజర్ వెలుగులో కొలిచే మిషన్‌కు ఇన్‌చార్జిని. ఇలాంటి ఘట్టాన్ని రాసిపెట్టకపోతే రాబోయే తరాలకు అన్యాయం చేసినవాణ్నవుతాను.

బిగించడానికి రావాల్సిన ఇంజనీరు పన్నెండో తేదీ దాకా రాలేడట. "అన్నాళ్లు ఊరికే పడుంటుందా ఇది?" అన్నారు ల్యాబ్ హెడ్ మేడమ్. "ఎందుకు మేడమ్, ఎలా బిగించాలో చెప్పే పుస్తకం ఉందిగా. రెండు గొట్టాలు తగిలించడమే కదా, నేను చూసుకుంటాను" అన్నాను. ఇంజనీరుకు ఫోన్ చేసి రానక్కర్లేదని చెప్పింది కూడా నేనే. అతను "పర్వాలేదా సార్?" అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ పర్వాలేదన్నాను.

మార్చి 4, మంగళవారం

సన్న నీలం ట్యూబు ఒకటి, లావుపాటి ముడతల గొట్టం ఒకటి. నీలం ట్యూబులో కంప్రెసర్ గాలి వచ్చి పొడి ఉండల్ని విడగొడుతుంది. విడిపోయిన పొడి లేజర్ ముందు నుంచి సాగిపోతుంది. దాన్ని లావు గొట్టం సర్రున లాగేసి సక్షన్ మిషన్ సంచిలో పోస్తుంది. చదువురానివాడికైనా అర్థమవుతుంది.

నాకు చదువు వచ్చు కాబట్టి లావు గొట్టాన్ని సక్షన్ మిషన్‌కు లాగే వైపు కాకుండా ఊదే వైపు తగిలించాను. స్విచ్ వెయ్యగానే పరీక్ష పొడి అంతా వెనక్కి తన్ని నా మొహాన కొట్టింది. కనుబొమ్మల దగ్గర్నుంచి చొక్కా జేబు దాకా తెల్లగా అయిపోయాను.

సరిగ్గా అప్పుడే శాంపిల్ సీసా పట్టుకుని మా బావమరిది వచ్చాడు. మా ఫ్యాక్టరీలోనే మందును పొడి చేసే మిల్లు ఆపరేటర్. ఇంట్లో నన్ను బావా అంటాడు, ఇక్కడ సార్ అంటాడు.

"ఏమైంది సార్?"

"కాలిబ్రేషన్" అన్నాను.

నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి పాపం చాలా కష్టపడ్డాడు. సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ అడిగింది, "కాలిబ్రేషన్ అయిందా?" అని.

మార్చి 5, బుధవారం

ఇవాళ అన్నీ సరిగ్గా తగిలించాను. సైజు ముందే తెలిసిన గాజు పూసల పొడి ఒకటి మిషన్‌తో పాటు పంపించారు. అది పోసి చూస్తే కొలత వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా వచ్చింది. తర్వాత మా బావమరిది పాత బ్యాచి పోశాను. మూడు మైక్రాన్లు. తెర మీద గ్రాఫు ఒకే ఒక్క నున్నటి గుట్ట. మేడమ్ చూసి తలూపారు. నేనూ ఊపాను.

ఒక్కటే బాధ, ఆ సక్షన్ మిషన్ రొద. చెవి పక్కన లారీ నిలబెట్టినట్టుంది.

మార్చి 7, శుక్రవారం

రొద విషయం తేల్చేశాను. సక్షన్ మిషన్‌ను గోడ అవతల స్టోర్ రూములో పెట్టాను. ఇచ్చిన గొట్టం రెండు మీటర్లే. మెయింటెనెన్స్ వాళ్ల దగ్గర ఇంకో నాలుగు మీటర్లు తీసుకుని, మధ్యలో జాయింటు పెట్టి టేపు చుట్టి, పాత ఏసీ పైపు వెళ్లిన కన్నంలోంచి అవతలికి తోశాను. గొట్టం కనబడకుండా బీరువా వెనక నుంచి తిప్పాను. బీరువాను భుజంతో నెట్టి గోడకు ఆనించేసరికి నడుం పట్టేసింది.

ల్యాబంతా గుడిలా అయిపోయింది. మేడమ్ లోపలికి వచ్చి, "ఎంత ప్రశాంతంగా ఉందండీ, ముందే ఎందుకు చెయ్యలేదు?" అన్నారు. ఇరవై రెండేళ్లలో ఆవిడ నన్ను మెచ్చుకోవడం ఇది రెండోసారి. మొదటిసారి నేననుకుని వేరేవాళ్లను మెచ్చుకున్నారు.

గొట్టం రెండు మీటర్లు దాటకూడదని మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఉంది. ఇలాంటివి భయస్తుల కోసం రాస్తారు.

మార్చి 10, సోమవారం

మా బావమరిది బ్యాచి ఫెయిలైంది.

మాది నోటితో పీల్చుకునే మందు పొడి. రేణువులు ఐదు మైక్రాన్ల లోపు ఉంటేనే ఊపిరితిత్తుల దాకా పోతాయి, పెద్దవైతే గొంతులోనే ఆగిపోతాయి. ఇవాళ తెర మీద మూడు దగ్గర ఒక గుట్ట, ఇరవై దగ్గర ఇంకో గుట్ట. ఒంటె వీపులా ఉంది. మూడుసార్లు పోశాను, మూడుసార్లూ ఒంటే.

ఎర్ర చీటీ రాసి అంటించాను. చాలా బాధగా అంటించాను.

ఈ పుస్తకం ఎవరూ చదవరు కదా. అంత బాధేమీ లేదు. ఇంట్లో కుళాయి కారినా, తలుపు బిగుసుకున్నా, మిక్సీ మొరాయించినా మా ఆవిడ "మా తమ్ముడైతే ఇట్టే చేసేస్తాడు" అంటుంది. చేసేస్తాడు కూడా. నేను ముందురోజు బిగించిన స్క్రూను మెల్లగా విప్పి, నాకు కనబడకుండా మళ్లీ బిగిస్తాడు. అలాంటివాడికి ఇరవై మైక్రాన్ల పొడి వచ్చింది. ఎవరికైనా పొరపాటు జరుగుతుంది.

మార్చి 13, గురువారం

రెండో బ్యాచి కూడా ఫెయిల్. మధ్యాహ్నం బావమరిది తలుపు దగ్గర నిలబడ్డాడు.

"సార్, మిల్లు బాగానే ఉంది. శబ్దం ఎప్పుడూ వచ్చేట్టే వస్తోంది. పొడి ముద్దగా వస్తుంటే నాకు వినబడుతుంది. ఇంకోసారి చూస్తారా?"

"చూశానయ్యా, మూడేసిసార్లు."

"మిషన్ ఏమైనా..."

"ఇది లేజరు. చెవితో వినేది కాదు" అన్నాను.

సరేనని వెళ్లిపోయాడు. ఆ మాట అనేటప్పుడు నా గొంతు ఎంత గంభీరంగా ఉందో నాకే ముచ్చటేసింది.

మార్చి 14, శుక్రవారం

గాజు పూసల పరీక్ష వారానికోసారి చెయ్యాలట. వచ్చే వారం చేస్తాను.

మార్చి 17, సోమవారం

మూడోదీ పోయింది. బావమరిదిని మిల్లు మీద నుంచి తీసేసి ప్యాకింగులో డ్రమ్ములకు మూతలు బిగించే పనిలో పెట్టారు. పన్నెండేళ్లు ఆ మిల్లు మీదే ఉన్నాడు. విచారణ అయ్యాక ఉంచుతారో పంపించేస్తారో చెబుతారట. మొదటి బ్యాచిని మళ్లీ ఆడిస్తున్నారు. మిగతా రెండు బ్యాచిలనూ ఇరవై ఏడో తేదీ గురువారం కాల్చేయడానికి పంపుతారు.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడకు సంగతి తెలిసిపోయింది.

"మీరే కదా రాసింది?"

"మిషన్ రాసింది. నేను సంతకం పెట్టానంతే."

"మిషన్ బిగించిందెవరు?"

నాకు ఒళ్లు మండింది. ఇంట్లోవాళ్లకు ఉద్యోగ ధర్మం తెలియదు, బంధుత్వానికీ కొలతకూ సంబంధం ఉండదు, తమ్ముడని వదిలేస్తే రేపు రోగి గతేమిటి అని పది నిమిషాలు మాట్లాడాను. చాలా బాగా మాట్లాడాను. తిరిగి చూస్తే ఆవిడ ఎప్పుడో లోపలికి వెళ్లిపోయింది.

మార్చి 18, మంగళవారం

మా ఆవిడ ఇవాళ నాతో మూడు మాటలు మాట్లాడింది. అందులో రెండు "ఊఁ".

మార్చి 20, గురువారం

ఫిల్టర్ పేపర్లు అయిపోతే స్టోర్ రూములోకి వెళ్లాను. సక్షన్ మిషన్ ప్లగ్గు ఊడదీసి ఉంది. ఆ బోర్డుకు నేల తుడిచే మిషన్ చార్జింగు పెట్టారు. ఊడ్చే ఆవిడను అడిగితే, "నిన్న పొద్దున పెట్టాను సార్, అది ఎవరూ వాడట్లేదనుకున్నా" అంది.

నిన్న పొద్దున.

నిన్నంతా, ఇవాళ మధ్యాహ్నం దాకా, మళ్లీ ఆడించిన బ్యాచిని పోసి చూస్తూనే ఉన్నాను. సక్షనే లేదు. అయినా అదే ఒంటె వచ్చింది. ఆన్‌లో ఉన్నప్పుడు ఏం వచ్చిందో ఆఫ్‌లో ఉన్నప్పుడూ అదే వచ్చిందంటే దానర్థం చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. నాకు మాత్రం పది రోజులు పట్టింది.

ప్లగ్గు పెట్టి స్విచ్ వేశాను. ల్యాబ్‌లోకి వచ్చి గొట్టం ఊడదీసి దాని మూతికి ఒక కాగితం ఆనించాను. రెండు మీటర్ల గొట్టానికైతే కాగితం చటుక్కున అతుక్కునేది. ఇవాళ జారి కింద పడింది. మళ్లీ పెట్టాను. మళ్లీ పడింది.

బీరువా జరిపాను. నా భుజబలం గొప్పది. గొట్టం చెప్పుకింద పడ్డ కాగితపు గ్లాసులా నొక్కుకుపోయి ఉంది. జాయింటు దగ్గర టేపు ఊడి వేలాడుతోంది. లాగే గాలి లేక పొడి వెనక్కి ఎగదన్ని, మళ్లీ ఉండలు కట్టి లేజర్ ముందే తచ్చాడుతోందన్నమాట. నేను కొలిచింది అతని పొడిని కాదు, ఆ ఉండల్ని. ఇన్నాళ్లూ నేనేదో పెద్ద గొట్టంగాణ్ననుకున్నాను. ఆ పేరుకు తగ్గవాణ్నేనని తేలింది.

మార్చి 21, శుక్రవారం

అందరికన్నా ముందే వెళ్లి సక్షన్ మిషన్‌ను లోపలికి తెచ్చాను. రెండు మీటర్ల గొట్టం, రెండు క్లిప్పులు. గాజు పూసలు సరిపోయాయి. ప్రతి బ్యాచి నుంచీ ముందే కొంచెం తీసి దాచిన సీసాల్లోంచి బావమరిది మూడు బ్యాచిలూ పోశాను. మూడు మైక్రాన్లు. మూడు మైక్రాన్లు. మూడు మైక్రాన్లు. ముచ్చటైన గుట్టలు. మళ్లీ ఆడించిన మొదటి బ్యాచి పొడి మాత్రం పిండైపోయింది. అంత సన్నదైతే పీల్చిన ఊపిరితోనే బయటికొచ్చేస్తుంది. మొదట్లో బంగారంలాంటి పొడి అది.

ఇవేవీ రిజిస్టరులో రాయలేదు.

మేడమ్ వచ్చి, "మళ్లీ ఈ రొదేంటండీ?" అన్నారు. "కొన్నాళ్లు ఇలా పెట్టి చూద్దామని" అన్నాను.

బాగా ఆలోచించాను. ఇకపై కొలతలన్నీ సరిగ్గానే వస్తాయి. బావమరిది కొన్నాళ్లు డ్రమ్ములు మూసి మళ్లీ మిల్లు మీదికి వెళ్తాడు. జరిగినదాన్ని కెలికితే ల్యాబ్ పరువే పోతుంది. నా గురించి కాదు, ల్యాబ్ గురించి.

మార్చి 22, శనివారం

సాయంత్రం బావమరిది ఇంటికి వచ్చాడు. అక్కతో కాసేపు మాట్లాడి, నా ఎదురుగా కూర్చుని జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు.

"చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాను బావా."

"ఏమైంది?"

"మిల్లు శబ్దం నాకు బాగానే వినబడింది కదా, పొడేమో అలా వచ్చింది. చెవి పోయిందేమోనని అనుమానం వచ్చింది. పరీక్ష చేశారు. వినికిడి మామూలుగానే ఉందట. చూడండి, మీకు ఇలాంటివి అర్థమవుతాయి కదా."

చూశాను. రెండు గీతలు, ఎర్రది ఒకటి, నీలంది ఒకటి. రెండూ పైనే ఉన్నాయి.

"బాగానే ఉంది" అన్నాను.

"అదే కదా. చెవి బాగుంటే చేతుల్లోనే ఏదో పోయిందన్నమాట. మీకేమనిపిస్తోంది? దాచకుండా చెప్పండి."

నలభై దాటాక అందరికీ కొంచెం మామూలేనన్నాను. నిజంగా ఆ మాటే అన్నాను. అతను తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. మా ఆవిడ కాఫీ తెచ్చింది. 

మార్చి 24, సోమవారం

కొత్త ఆపరేటర్ మొదటి బ్యాచి వచ్చింది. మూడు మైక్రాన్లు.

ఫ్యాక్టరీ మేనేజరు స్వయంగా ల్యాబ్‌లోకి వచ్చి తెర చూశాడు. "చూశారా, చెయ్యి మారగానే ఎలా మారిందో" అన్నాడు. మేడమ్ అవునన్నారు. నేను శుక్రవారం గొట్టం సరిచేసి ఊరుకోవడం ఎంత తెలివైన పనో ఇప్పుడు తెలిసింది. తప్పు నాదన్న సాక్ష్యాన్ని తీసేసి, అతనిదన్న సాక్ష్యాన్ని నా చేతులతోనే తయారు చేశాను.

బుధవారం మీటింగు. బావమరిదిని పంపించేయడమే ఖాయం. ఫెయిలైన మూడు బ్యాచిల వివరాలు ఒక కాగితం మీద టైపు చేసి నా ముందు పెట్టారు.

సంతకం పెట్టాను.

మార్చి 25, మంగళవారం

పొద్దున అన్నం ముందు కూర్చుని మా ఆవిడతో చెప్పాను. బీరువా దగ్గర్నుంచి సంతకం దాకా. చెబుతున్నంతసేపూ ఆవిడ గరిట అలాగే పట్టుకుని ఉంది.

"శనివారం వాడు ఆ కాగితం చూపించినప్పుడు మీకు తెలుసా?"

"తెలుసు."

"వెళ్లండి" అంది. "తినక్కర్లేదు, ముందు వెళ్లండి."

దారిలో నాలుగు రకాలుగా తయారు చేసుకున్నాను. మొదటిదాంట్లో మిషన్ కంపెనీది తప్పు. రెండోదాంట్లో ఊడ్చే ఆవిడది. మూడోదాంట్లో ఎవరిదీ కాదు, అలా జరిగిపోయింది. నాలుగోది చాలా చిన్నది. మేడమ్ గది తలుపు తీసేసరికి అదొక్కటే గుర్తుంది.

"మేడమ్, ఆ మూడు బ్యాచిలూ బాగానే వచ్చాయి. గొట్టం నేను తప్పుగా పెట్టాను."

ఆవిడ చేతిలో పెన్ను కింద పెట్టారు. అంతా విన్నారు. ఎక్కడా ఆపలేదు. చివరికి ఒకటే అడిగారు.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"గురువారం మేడమ్."

"ఇవాళ మంగళవారం."

"అవును మేడమ్."

"నిన్న సంతకం పెట్టారు."

"పెట్టాను."

 ఆవిడ ఫోన్ తీసి కాల్చేయడానికి పెట్టిన డ్రమ్ములను ఆపమన్నారు. దాచిన సీసాలు తెప్పించి, నన్ను పక్కన నిలబెట్టి, తనే పోసి కొలిచారు. మూడు మైక్రాన్లు వచ్చినప్పుడు ఏ ఒక్కసారీ నా వైపు చూడలేదు. చూసి ఉంటే కొంచెం తేలికగా ఉండేది.

నాకు మెమో ఇస్తారు. మిషన్ ఇన్‌చార్జి పదవి పోయింది. ఇంజనీరు వచ్చి మళ్లీ బిగించేదాకా దాన్ని ముట్టుకోకూడదు. పాత జల్లెడలు ఎక్కడున్నాయో వెతుక్కోమన్నారు.

"ఆపరేటర్‌కు నేను చెప్పనా, మీరు చెబుతారా?"

"నేనే చెబుతాను మేడమ్."

ప్యాకింగులో డ్రమ్ము మూత చుట్టూ రింగు బిగిస్తున్నాడు. నలుగురైదుగురు ఉన్నారు. పక్కకు రమ్మంటే, "పర్వాలేదు సార్, ఇక్కడే చెప్పండి" అన్నాడు. అందరి ముందూ చెప్పాను. నేను నలుగురి ముందు ఎప్పుడూ బాగా మాట్లాడతాననుకునేవాణ్ని. మధ్యలో రెండుసార్లు మాట తడబడింది. గొట్టం అనబోయి గోడ అన్నాను.

అతను మొత్తం విని ఒక్క ప్రశ్న వేశాడు. పొద్దున వాళ్లక్క వేసిందే.

"శనివారం నాటికే తెలుసా సార్?"

"తెలుసు."

తలూపాడు. రింగు బిగించడం పూర్తిచేసి, ఆ డ్రమ్మును పక్కకు దొర్లించి, ఇంకో డ్రమ్ము దగ్గరికి వెళ్లాడు.

తిట్టి ఉంటే బాగుండేది. తిడతాడనే సిద్ధపడి వెళ్లాను.

మార్చి 26, బుధవారం

మీటింగులో బావమరిదిని మిల్లు మీదికి పంపారు. మేనేజరు అతనికి షేక్‌హ్యాండ్ ఇచ్చాడట. నేను మీటింగులో లేను. జల్లెడలు కడుగుతున్నాను.

మార్చి 28, శుక్రవారం

మా ఆవిడ మాట్లాడుతోంది. కూరలో ఉప్పు ఎంత వేశావని అడిగితే, "మీరే కొలుచుకోండి" అంది. మాట్లాడటమంటే అదే.

మార్చి 30, ఆదివారం

పొద్దున్నే బావమరిది ఇంటికి వెళ్లాను. వాళ్లింటికి నేనంతట నేను వెళ్లడం ఇన్నేళ్లలో ఇదే మొదలు. ఎప్పుడూ మా ఇంట్లో ఏదో చెడిపోవడం, అతనే రావడం.

అతని భార్య తలుపు తీసి, "రండి అన్నయ్యా" అంది, ఎప్పుడూ అనేకన్నా కొంచెం మెల్లగా. అతను వరండాలో సైకిల్ చెయిను విప్పుకుని కూర్చున్నాడు. చేతులనిండా గ్రీజు. కుర్చీ చూపించాడు. కూర్చున్నాను.

"నేను చేసింది తప్పు" అన్నాను. "గొట్టం తెలియక చేశాను. తర్వాతది తెలిసే చేశాను."

చెయిను ఒక్కో లింకూ తుడుస్తున్నాడు.

"నేను మూడు రోజులు ఇంట్లో ఏ పనీ ముట్టుకోలేదు తెలుసా" అన్నాడు కాసేపటికి. "బల్బు మార్చమంటే కూడా మా ఆవిణ్నే మార్చమన్నాను. చేతులు చూసుకుంటే భయమేసింది."

 ఎప్పట్లా గంభీరంగా ఏదో ఒకటి చెప్పెయ్యడం నాకు చేతకాలేదు. నా విషయంలో అది చాలా అరుదు.

 అతను చెయిను ఎక్కించి పెడల్ తిప్పాడు. తల పక్కకు వంచి విన్నాడు. ఇంకోసారి తిప్పాడు.

"అసలు ఎందుకు పొడిగించారు ఆ గొట్టం?"

"రొద భరించలేక."

"అంతేనా?"

"అంతే. తర్వాత మేడమ్ మెచ్చుకున్నారు."

చెయ్యి తుడుచుకుంటూ నా వైపు చూశాడు. "నాకు చెప్పాల్సింది బావా. ఆ మిషన్ చుట్టూ చెక్కపెట్టె కట్టి లోపల ఫోమ్ అంటిస్తే సగం రొద పోతుంది. గాలి ఆడటానికి రెండు కన్నాలు చాలు. గొట్టం జోలికే వెళ్లక్కర్లేదు. అరగంట పని."

"నువ్వు చేసిపెడతావా?"

"చెయ్యను" అన్నాడు. "మీరే చెయ్యండి. కొలతలు చెబుతాను, రాసుకోండి."

జేబులో ఈ పుస్తకమే ఉంది. పొడవు చెప్పాడు, వెడల్పు చెప్పాడు, ఎత్తు చెప్పాడు, కన్నాలు ఏ వైపు రావాలో చెప్పాడు. అన్నీ రాసుకున్నాను.

"రాసింది చదవండి" అన్నాడు.

చదివాను.

"మళ్లీ చదవండి."

మళ్లీ చదివాను.